కరెంటు తీగల్లో బ్రాడ్‌బ్యాండ్, మన రిసీవర్లో రొద

అందరికీ నమస్కారం. కరెంటు తీగను 50 హెర్ట్జ్ మోయడానికి వేశారు. దాని చుట్టూ కవచం ఉండదు. పైగా గోడ స్విచ్ ఫేజ్‌ని ఒక్కదాన్నే తెంపుతుంది కాబట్టి రెండు తీగల మధ్య సమతూకమూ ఉండదు. అలాంటి తీగలోకి 2 నుంచి 30 మెగాహెర్ట్జ్ డేటా ఎక్కిస్తే అది యాంటెనా అయి కూర్చుంటుంది. మన హ్యాములు (లైసెన్సు తీసుకుని సరదాకి రేడియో నడిపేవాళ్ళం) వాడే షార్ట్‌వేవ్, అంటే హెచ్ఎఫ్, బ్యాండ్లు దాదాపు అన్నీ ఆ మధ్యలోనే ఉన్నాయి.

అమెరికాలో రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2004 అక్టోబరులో వీధి కరెంటు తీగల బ్రాడ్‌బ్యాండ్‌కు నిబంధనలు తెచ్చింది. అక్కడి హ్యాముల సంఘం ఏఆర్ఆర్ఎల్ కోర్టుకెక్కింది. 2008లో అప్పీలు కోర్టు రెండు విషయాల్లో ఎఫ్‌సీసీని తప్పుపట్టింది: తన అధ్యయనాల్లో కొన్ని భాగాలు బయటపెట్టకపోవడం, దూరం లెక్కకు సరైన కారణం చూపకపోవడం. ఈ రెండోది చూడండి. తీగకు 10 మీటర్ల దూరంలో రొద కొలిచి 30 మీటర్లకు లెక్కగడతారు. దూరం పదింతలైతే 40 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలం తేడాకు కొలత) పడిపోతుందంటే 19 డీబీ తీసేయొచ్చు, 20 డీబీయే అంటే తొమ్మిదిన్నర. తీగ అదే, రొద అదే, ఒక లెక్కలో పాసు, ఇంకో లెక్కలో ఫెయిలు! వర్జీనియాలోని మనాసస్‌లో ఊరంతా నడిచిన ఇలాంటి సర్వీసును 2010లో మూసేశారు.

ఇప్పుడు మన తలనొప్పి గోడ సాకెట్లో పెట్టి, ఇంటి కరెంటు తీగల మీదే ఇంటర్నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు. రిగ్‌ను (మన రేడియో సెట్టును) ఏఎంలో పెట్టి 6.9 మెగాహెర్ట్జ్ నుంచి మెల్లగా పైకి తిప్పండి. 7.0 దగ్గర రొద ఠక్కున పడిపోయి 7.3 దాటాక మళ్ళీ లేస్తే, అది బహుశా హోమ్‌ప్లగ్ ప్రమాణంతో చేసిన అడాప్టరే. హ్యామ్ బ్యాండ్ల దగ్గర సిగ్నల్ తగ్గేలా తయారీదారు పెట్టిన గాటు, అంటే నాచ్, అది. డేటా నడవనప్పుడు కూడా సెకనుకు 25 చొప్పున టకటకలు వినిపిస్తాయి. డౌన్‌లోడ్ మొదలైతే అదంతా ఒకటే హోరు. అప్పుడు రిగ్‌లో రొద తగ్గించే నాయిస్ బ్లాంకర్ పనిచేయదు, అది విడివిడి పల్సులకే.

'నాచ్ పెట్టాం కదండీ' అంటే ఊరుకోకండి. అమెరికా నిబంధన వీధి తీగల సర్వీసును అడిగే నాచ్ 25 డీబీ. రిగ్‌లో సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు మీద ఒక్కో గీత 6 డీబీ. ఎస్9 రొద ఎస్5కి కాస్త కిందికి దిగుతుందంతే. ఎస్4లో పిలిచే స్టేషన్ ఇంకా దానికిందే.

వెతకడం ఇంటి నుంచే. రిగ్‌ను 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి మెయిన్ ఆపండి. రొద పోతే దొంగ మన ఇంట్లోనే. మెయిన్ వేసి ఎమ్‌సీబీలు ఒక్కొక్కటే ఎక్కించండి. పోకపోతే యాంటెనా దగ్గర కోయాక్స్ (యాంటెనా కేబులు) విప్పి, యాంటెనా బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తగిలించండి. అప్పటికీ వినిపిస్తుంటే కేబుల్లోనో, కనెక్టర్లలోనో, రిగ్ దగ్గరో లోపలికి దూరుతోంది.  డమ్మీ లోడ్‌తో నిశ్శబ్దమైతే యాంటెనాయే నేరుగా పట్టుకుంటోంది, లేదా కోయాక్స్ జడ (బయటి అల్లిక) మీదుగా వచ్చి, కేబులు యాంటెనాకు కలిసే ఫీడ్ పాయింట్ దగ్గర దూరుతోంది. జడ మీదుగా వచ్చేదైతే, ఎఫ్‌టీ240-31 ఫెరైట్ రింగు మీద ఆర్‌జీ-58 కేబులును 12 చుట్లు చుట్టి ఫీడ్ పాయింట్ దగ్గర పెడితే తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే డైపోల్ యాంటెనాను కరెంటు తీగలకు దూరంగా, వాటికి అడ్డంగా తిప్పి కట్టుకోవాలి.

పక్కింట్లో ఉందని తేలితే, ఆయన్ను రెండు అడాప్టర్లూ పీకమని అడిగి, మీటరు చూస్తూ టైము, ఫ్రీక్వెన్సీ, ముందు ఎంత, తర్వాత ఎంత రాసుకోండి. ఒక్కటే పీకితే రెండోది టకటకలాడుతూనే ఉండొచ్చు. తర్వాత 30 మీటర్ల ఈథర్నెట్ కేబులు మీరే కొనిచ్చి, గోడకు కన్నం కూడా మీరే వేసివ్వండి.