తెర మీద కనిపించిన పేరు అచ్చులో ఏమైంది?

అందరికీ నమస్కారం.

చెన్నై ట్రిప్లికేన్‌లో పెళ్లిపత్రికలకు, మన తెలుగు సంఘాల ఉగాది సంచికలకు పేజీలు కట్టి పీడీఎఫ్ ఫైళ్లుగా ప్రెస్సుకు పంపడం నా పని. ‘మా ఫోన్లో బాగానే ఉందండీ, మీ దగ్గరే ఏదో అయింది’ అనే మాట తరచూ వింటాను. అలా అన్నవాళ్లు అబద్ధం చెప్పరు. వాళ్ల ఫోన్లో నిజంగానే బాగుంటుంది.

పీడీఎఫ్‌ను మనం ఫోటో అనుకుంటాం. అది ఫోటో కాదు. ‘ఫలానా చోట ఫలానా ఫాంటులో ఈ అక్షరం పెట్టు, ఇక్కణ్ణుంచి అక్కడికి గీత గియ్యి, ఈ రంగు నింపు’ అంటూ వరసగా రాసిచ్చిన ఆజ్ఞలు. వాటిని చదివి బొమ్మ గీసేది మీరు తెరిచిన సాఫ్ట్‌వేర్. క్రోమ్‌లో ఒకటి, ఫైర్‌ఫాక్స్‌లో మరొకటి, ప్రింటర్ కడుపులో ఇంకొకటి. 1993లో అడోబీ దీన్ని తెచ్చింది, 2008లో ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణమైంది. నియమాలు అందరికీ ఒకటే. కానీ కొన్ని ఆజ్ఞల్ని కొందరు పట్టించుకోరు, ఫైల్లో లేని సరుకును ఎవరికి తోచినట్టు వాళ్లు తెచ్చుకుంటారు. తేడాలన్నీ అక్కడే పుడతాయి.

పన్నెండేళ్ల కిందట నా చేతుల మీదుగా జరిగింది చెప్తాను. ఒక పెళ్లిపత్రిక, మెరూన్ రంగు మీద అక్షరాలు. ముందు ఒక వరస నలుపులో కట్టాను. నల్లక్షరాలకు ఓవర్‌ప్రింట్ పెట్టడం మా పనిలో అలవాటు. కింది రంగును తొలిచి అక్షరాన్ని కూర్చోబెట్టకుండా, ఆ రంగు మీదే నలుపు వేస్తాం. కాగితం రవ్వంత జరిగినా అక్షరం చుట్టూ తెల్ల అంచు రాదు. పెళ్లికూతురి తండ్రి ఆ వరస తెల్లగా ఉంటే బాగుంటుందన్నారు. రంగు మార్చాను, ఓవర్‌ప్రింట్ తీయలేదు.

మామూలు ఆఫ్‌సెట్ అచ్చులో తెల్ల ఇంకు ఉండదు. తెలుపంటే కాగితమే. కాబట్టి తెలుపును ఓవర్‌ప్రింట్ చేయమంటే ‘ఇక్కడ ఏమీ వేయకు, కింద ఉన్న రంగు అలాగే ఉండనీ’ అని అర్థం. నా కంప్యూటరు ఆ ఆజ్ఞను పట్టించుకోకుండా అక్షరాలు తెల్లగా చూపించింది. వాళ్ల ఫోనూ అంతే. ప్రెస్సులో అచ్చు ప్లేటు తీసిన యంత్రం మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది. 500 కార్డులు వచ్చాయి. తాతగారి పేరుండాల్సిన చోట ఉత్త మెరూన్ రంగు. ఆయన అప్పటికి లేరు; ‘కీర్తిశేషులు’ అని మొదలయ్యే వరస అది. ఆ ఇంటి పెద్దావిడ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టారు. నన్ను ఒక్క మాటా అనలేదు. రాత్రికి రాత్రే మళ్లీ వేయించి ఇచ్చాను. అప్పట్నుంచి, ఓవర్‌ప్రింట్ అచ్చులో ఎలా పడుతుందో తెర మీదే చూపించే ఓవర్‌ప్రింట్ ప్రివ్యూ చూడకుండా ఒక్క ఫైలూ పంపలేదు.

ఇక తెలుగు సంగతి. నా అసలు బాధ ఇదే. పీడీఎఫ్ తెరిచే ప్రతి సాఫ్ట్‌వేరూ 14 ఫాంట్లు తన దగ్గర సిద్ధంగా ఉంచుకోవాలని పీడీఎఫ్ పాత నియమం. హెల్వెటికా, టైమ్స్, కొరియర్ కుటుంబాలూ రెండు గుర్తుల ఫాంట్లూ అందులో ఉన్నాయి. ఫాంటు జతచేయని ఇంగ్లిషు ఫైలైనా వాటితో ఎలాగో గడిచిపోతుంది. ఆ 14లో తెలుగు ఒక్కటీ లేదు. మన ఫాంటు ఫైల్లో ఎంబెడ్ కాకపోతే, అంటే ఫైలు లోపలే జత కాకపోతే, మనకు దిక్కు లేదు. కంప్యూటరులో పేజీలు కట్టడానికి వాడిన పాత డీటీపీ ఫాంట్లలోనైతే తెలుగు ముక్కలు ఇంగ్లిషు అక్షరాల గదుల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు లేని యంత్రంలో ‘శ్రీరస్తు శుభమస్తు’ తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి.

1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు గారు ఈ ఊళ్లోనే అచ్చుకూటం పెట్టారు. అప్పట్లో సీసపు అక్షరం ఏది పేరిస్తే కాగితం మీద అదే పడేది. ఫాంటు ఎంబెడ్ చేయడమంటే ఆ సీసపు అక్షరాల పెట్టెను పేజీతో పాటే ప్రెస్సుకు పంపడం.

తప్పు ఎక్కడుందో పట్టడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. ఫైలును మూడు చోట్ల తెరుస్తాను. ‘లక్ష్మి’ మూడు చోట్లా ‘లక్‌ష్‌మి’ అని విడిపోయి కనిపిస్తే, పీడీఎఫ్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌కే వత్తులు కట్టడం రాలేదన్నమాట. ఒకచోట బాగుండి ఇంకోచోట చెడితే, ముందు అనుమానించేది ఎంబెడ్ కాని ఫాంటునే.

మిగతావి త్వరగా చెప్తాను. మందం సున్నా అని గీసిన గీత ఆ యంత్రం గీయగలిగిన అతి సన్నని గీతగా పడుతుంది. తెర మీద అది ఒక చుక్క వెడల్పు, అంగుళానికి 2400 చుక్కలు పడే (2400 డీపీఐ) ప్లేటు మీద మిల్లీమీటరులో నూరోవంతు. కంటికి ఆనదు. లేత మామిడాకు పచ్చ ఫోన్లో వెలుగుతో మెరుస్తుంది, నాలుగు ఇంకుల అచ్చులో మందగిస్తుంది. ప్రింటు తీసేటప్పుడు ‘ఫిట్’ ఎంచుకుంటే కొలత మారిపోతుంది, మడత గీత పక్కకు పోతుంది. ‘యాక్చువల్ సైజ్’ పెట్టండి.

ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్లు ముందు వరసలో ఉన్నారు. మీ దగ్గరున్న ఏదైనా తెలుగు పీడీఎఫ్‌ను అక్రోబాట్ రీడర్‌లో తెరిచి, ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ అన్న చోటికి వెళ్లండి. ప్రతి ఫాంటు పేరు పక్కనా ‘ఎంబెడెడ్’ అన్న మాట ఉండాలి. అది లేని పేరు ఎవరికైనా కనిపిస్తే చెయ్యెత్తండి, ఆ ఫైలుతోనే మొదలుపెడదాం.