15 పైసల స్టాంపు, బొంబాయిలో అడిగిన నిధి

శ్రోతలందరికీ నమస్కారమండి. ఇవాళ స్టాంపుల గురించి మాట్లాడుకుందాం, అంటే పేదవాడి బతుకు గురించి కథోలిక చర్చి చెప్పిన మాటలు స్టాంపుల మీదకి ఎలా ఎక్కాయో ఆ సంగతి.

1991లో వాటికన్ ఒక స్టాంపుల సెట్ రిలీజ్ చేసింది, రేరుమ్ నోవారుమ్ అనే లేఖకి వందేళ్లు నిండాయని. 1891లో పదమూడో లియో పోపుగారు రాశారు దాన్ని. ఫ్యాక్టరీ కూలీకి కుటుంబం గడిచేంత జీతం ఇవ్వాలి, సంఘం పెట్టుకోవడం వాళ్ల హక్కు అని ఆ రోజుల్లో అంత పెద్ద స్థానంలో ఉన్నాయన చెప్పడం మామూలు విషయం కాదండి. రాజుల బొమ్మలు, యుద్ధాల్లో గెలుపులు వేసుకునే చోట కూలివాడి జీతం గురించిన లేఖకి చోటు దొరికింది చూడండి, అది నాకు భలే నచ్చుతుంది.

ఇక మన దేశం సంగతికొద్దాం. 1964 డిసెంబర్‌లో బొంబాయిలో యూకరిస్టిక్ కాంగ్రెస్ అని ప్రపంచ కథోలికుల పెద్ద సభ జరిగింది, ఆరో పౌల్ పోపుగారు వచ్చారు, పోపు మన గడ్డ మీద అడుగుపెట్టడం అదే మొదటిసారి. డిసెంబర్ 2న మన తపాలా శాఖ 15 పైసల స్టాంపు వేసింది. దాని మీద ఉన్నది పోపుగారు కాదు, ఏసు శిష్యుల్లో ఒకరైన సెయింట్ థామస్, ఇటలీలో ఓర్టోనా అనే ఊళ్లో ఉన్న విగ్రహం. థామస్‌గారి సమాధి మద్రాసు మైలాపూర్‌లో ఉంది, అస్థికలేమో తర్వాత ఓర్టోనా చేరాయని అక్కడివాళ్ల నమ్మకం, అలా ఒక్క చిన్న కాగితం ముక్కలో రెండు దేశాలూ కలిశాయన్నమాట.

కానీ ఆ స్టాంపు చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది పోపుగారు బొంబాయిలో అడిగిన విషయం. దేశాలన్నీ ఆయుధాల మీద పెట్టే ఖర్చులో కొంత తీసి పేదల కోసం ఒక ప్రపంచ నిధి పెట్టండి అన్నారు. 1967 మార్చి 26న, ఈస్టర్ రోజు, పోపులోరుమ్ ప్రోగ్రెస్సియో అనే లేఖ రాసి, అందులో బొంబాయి పేరు ఎత్తి మరీ అదే మాట మళ్లీ అడిగారు. డబ్బు పెరిగినంత మాత్రాన అభివృద్ధి అయిపోదు, ప్రతి మనిషీ ఎదగాలి, మనిషి అన్నివిధాలా ఎదగాలి అనేది ఆ లేఖలో అసలు మాట. చదువు, తిండి, గౌరవం, అన్నీ అందులోకే వస్తాయి.

ఇంకోటి, బొంబాయిలో తిరగడానికి తనకిచ్చిన కారుని వెళ్లేటప్పుడు మదర్ తెరెసాకి ఇచ్చేశారు, ఆవిడ దాన్ని లాటరీ పెట్టి ఆ డబ్బు కుష్ఠురోగుల కోసం వాడారు. మదర్ పేరు మీద 1980లో మన స్టాంపు కూడా వచ్చింది.

మీ ఇంట్లో పాత ఆల్బమ్ ఉంటే ఆ 15 పైసల థామస్ ఉన్నాడేమో చూడండి, పిల్లలకి చూపించేటప్పుడు ఆ నిధి సంగతి కూడా చెప్పండి, ఎందుకంటే దేశాలన్నీ కలిసి ఆయుధాల డబ్బుతో పెట్టాల్సిన ఆ నిధి ఇప్పటికీ పెట్టలేదు.