కుర్చీ కదిలితే యుద్ధమేనా? ఒక పాత వాదన మీద రివ్యూ

నమస్తే. నల్లగొండ, పాలమూరు రీడింగ్ రూముల గ్రూప్స్‌కు చదివేటోళ్లు అంతర్జాతీయ సంబంధాలు పట్టుకున్నరంటే ఈ వాదన తగులుతది. ఇంట్ల కుర్చీ కదిలిన నాయకుడు బయట యుద్ధం ఎతుక్కుంటడట. జనం కోపాన్ని అత్త మీదికెళ్లి దుత్త మీదికి మళ్లిస్తడన్నట్టు. ఇయ్యాల రివ్యూ దీని మీదనే.

వినెతందుకు ఇంపుగనే ఉంటది. నిలబడుతదా లేదా చూడాలంటే కాయితం మీద మూడు తేదీలు రాసుకోండి. నాయకునికి ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, దాడికి ప్లాన్ ఎప్పుడు వేసిండ్రు, బలగాలు ఎప్పుడు కదిలినయ్. మూడోది రాయకనే చానామంది తప్పుల పడుతరు.

అందరు చెప్పే ఉదాహరణ ఫాక్‌ల్యాండ్స్, అంటే దక్షిణ అట్లాంటిక్‌ల బ్రిటన్ చేతుల ఉన్న, అర్జెంటీనా మావే అనే దీవులు. అర్జెంటీనాల సైనిక సర్కారు, పైన గాల్టియేరి. ధరలు ఏడాదికే రెట్టింపు దాటుతున్నయ్. 1982 మార్చి 30న రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌ల, ప్లాజా డి మాయో కాడ కార్మిక సంఘాల పెద్ద ధర్నా, అరెస్టులు. ఏప్రిల్ 2న సైన్యం దీవుల మీద దిగింది. అదే చౌరస్తల మళ్లా జనం, ఈసారి జేజేలు. ఇంతవరకు చెప్పి 'చూసిండ్రా' అంటరు.

కానీ ఓడలు రేవు విడిచింది మార్చి 28న. ధర్నాకు రెండు రోజుల ముందు! తొందర పెట్టింది వేరే ముచ్చట. మార్చి 19న, అటే బ్రిటన్ చేతుల ఉన్న దక్షిణ జార్జియా దీవిల, మూతపడ్డ తిమింగలాల కేంద్రంల పాత ఇనుప సామాను విప్పెతందుకు పోయిన అర్జెంటీనా కూలోళ్ల కాడ వాళ్ల దేశం జెండా లేచింది. బ్రిటన్‌తోటి గొడవ ముదిరింది. తర్వాతి నెలలకని పెట్టుకున్న ప్లాన్ ముందుకు జరిగింది. పైగా అటు తిరిగే తన ఎండ్యూరెన్స్ ఓడను తీసేస్తనని బ్రిటన్ 1981లనే చెప్పింది. అవతలోడు ఇంత దూరం రాడన్న ధీమా అట్ల పెరిగింది. సర్కారు బలహీనంగ ఉన్నది నిజమే. గని అది చానా నెలల సంది ఉన్నది. యుద్ధం ఆ వారమే ఎందుకొచ్చిందో అది చెప్పదు.

74 రోజులల్ల అర్జెంటీనావాళ్లు 649 మంది, బ్రిటన్‌వాళ్లు 255 మంది పోయిండ్రు. జూన్ 14న అర్జెంటీనా సైన్యం లొంగిపోయింది, ఆ వారంలనే గాల్టియేరి దిగిపోయిండు. బ్రిటన్ ప్రధాని థాచర్ 1983 ఎన్నికల్ల 144 సీట్ల మెజారిటీతోటి గెలిచింది. యుద్ధమే గెలిపించిందని రాసేముందు ఇంకో అంకె చూడండి. ఆమె పార్టీ ఓట్లు 1979ల 43.9 శాతం, 1983ల 42.4 శాతం. ఓట్లు తగ్గినా సీట్లు పెరిగినయ్, ఎందుకంటే ప్రతిపక్షం చీలింది.

కార్గిల్ ఇంకా స్పష్టం. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి సర్కారు ఒక్క ఓటుతోటి, 269కి 270తోటి పడిపోయింది. చొరబాటు బయటపడ్డది మే నెలల, అదీ అవతలి దిక్కు నుంచి. ఆపద్ధర్మ ప్రభుత్వం విమానాలను వాడింది గని నియంత్రణ రేఖ దాటొద్దని ఆర్డరిచ్చింది. ఆ ఏడాదే తర్వాత జరిగిన ఎన్నికల్ల బీజేపీకి 182 సీట్లు. 1998ల కూడా 182నే.

బలహీనత చెయ్యి ఆపుడు కూడా ఉంటది. 2013 ఆగస్టు 29న సిరియా మీద సైనిక చర్యకు అప్పటి బ్రిటన్ ప్రధాని కామెరాన్ పార్లమెంటును అడిగితే 272కు 285తోటి ఓడిపోయిండు. సొంత పార్టీవాళ్లే కొందరు ఎదురు తిరిగిండ్రు. బ్రిటన్ ఆగిపోయింది.

మరి ఒకళ్లు దూకి ఇంకొకళ్లు ఎందుకాగిండ్రు? అందుకే మీ కాయితం మీద ఇంకో వరుస గీయండి: కుర్చీ పోతే ఆ మనిషి ఇంటికి పోతడా, జైలుకు పోతడా? ఓటు ఓడినా కామెరాన్ ప్రధానిగనే ఉన్నడు. అర్జెంటీనా సర్కారు చేతుల వేలమంది మాయమైండ్రు, దిగితే కోర్టు తప్పదని వాళ్లకు తెలుసు. ఆ యుద్ధం నడిపిన తీరుకే గాల్టియేరికి 1986ల 12 ఏండ్ల శిక్ష పడ్డది. పోగొట్టుకునేది అంత పెద్దగున్నోడే జూదమాడుతడు. ఈ వరుస లేకుంట రాసిన వాదనకు నేను 10కి 4 ఇస్త, ఉంటే 7.

లద్దాఖ్‌ల చైనాతోటి కొట్లాట జరిగిన గల్వాన్ పేరొస్తే సూర్యాపేటోళ్లకు గుండె బరువైతది. 2020 జూన్ 15న కర్నల్ సంతోష్ బాబు అక్కడనే ప్రాణమిచ్చిండు. ఈ సూత్రాన్ని ఢిల్లీకి అంటగట్టేటోళ్లు ముందు సంవత్సరం లెక్క చూడాలె. 2019 ఎన్నికల్ల పాలక పార్టీకి 303 సీట్లు. కుర్చీ కదల్లేదు. మన దిక్కు నుంచి ఈ వాదన అక్కడ అతకదు.