సంతకం ఒక్కటే మిగిలింది

(సెప్టెంబరు 8, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం రోజున ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, గ్రంథాలయ అధికారి గారికి, ఇంత ఎండలో నడిచి వచ్చిన పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళకు, గోడ పక్కన నిలబడి ఉన్న కళాశాల పిల్లలకు నమస్కారం. ముందు వరుసలో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనుక నిలబడిన పెద్దమ్మలు దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. అవి అతిథుల కోసం వేసినవే. ఈ రోజు అతిథులు మీరే. రండి, మీరు కూర్చునే దాకా నేను ఆగుతాను.

నాకు ఇచ్చిన అంశం ‘వయోజన విద్య: విధానాలు, ప్రణాళిక’. వారం రోజులు కూర్చుని పది పేజీలు రాసుకున్నాను. యునెస్కో 1966లో ఈ దినాన్ని ప్రకటించడం, 1978 అక్టోబరు 2న మన దేశంలో జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలవడం, 1988లో జాతీయ సాక్షరతా మిషన్ రావడం, అన్నీ వరుసగా రాశాను. చరిత్ర తెలుసుకోవలసిందే. కానీ నేను ఈ ఊరికి రావడానికి ఒప్పుకున్నది అందుకోసం కాదు. ఒక సంతకం గురించి మీకు చెప్పాలి. అది చెప్పాక సమయం మిగిలితే ఆ కాగితాలు చదువుతాను.

మాది నెల్లూరు జిల్లా. 1991లో అక్కడ అక్షర దీపం అనే అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఇంటర్ పూర్తయి ఇంట్లో ఉన్నాను. కళాజాతా బృందం మా ఊరికి వచ్చి డప్పు కొట్టి పాడిన రాత్రే వెళ్ళి పేరు రాయించుకున్నాను. నాకు పది మందిని అప్పగించారు. అందరూ నాకన్నా పెద్దవాళ్ళే. పొలం పని, వంట, పిల్లలు, భర్త భోజనం, అన్నీ ముగించుకుని రామమందిరం అరుగు మీదికి వచ్చేసరికి ఎనిమిదిన్నర అయ్యేది. లాంతరు ఒక్కటే. దాని చుట్టూ పదకొండు తలలు. మూడు వాచకాలు, దాదాపు రెండు వందల గంటల చదువు. చివరికి పరీక్ష. తేలికైన పాఠాన్ని నిమిషానికి ముప్పై మాటల చొప్పున చదవాలి. నా పది మందిలో ఎనిమిది మంది చదివారు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

ఆ వాచకాలు ఏం చేశాయో మీకు తెలుసు. సారాకు ఎదురు తిరిగిన ఆడవాళ్ళ కథ ఒకటి పాఠంగా వచ్చింది. దాన్ని చదివి, చదవలేనివాళ్ళు విని, 1992లో మా జిల్లాలోని దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వాళ్ళకు ముందు నిలిచిన రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరా ఆడవాళ్ళు చీపుర్లు, కారం పొడి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకు రూపాయి దాచుకుందామని పొదుపు సంఘాలు పుట్టాయి. ఇప్పుడు మీరందరూ కూర్చున్న ఈ సంఘాల వేళ్ళు వెతికితే ఆ లాంతరు దగ్గరికి వెళతాయి. అందుకే వయోజన విద్య దండగ అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఇప్పుడు చెబుతుంటేనే గొంతు పెరుగుతోంది, క్షమించండి.

సంతకం సంగతికి వస్తాను. పెళ్ళయి నేను ఈ ప్రకాశం జిల్లాకు వచ్చాను. చాలా ఏళ్ళ తర్వాత, 2011లో అనుకుంటాను, పుట్టింటికి వెళ్ళినప్పుడు మా వీధిలోనే సంఘం సమావేశం జరుగుతోంది. తీర్మానాల పుస్తకం చేతులు మారుతోంది. నా ఎనిమిది మందిలో ఒకామె అక్కడ ఉంది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పుస్తకం ఆమె ఒడిలోకి వచ్చింది. కలం పట్టుకుంది. సంతకం ఎక్కడ మొదలుపెట్టిందో చూసి నా గుండె జారిపోయింది.

ఆమె పేరు చివర ‘మ్మ’ ఉంటుంది. ముందు ఆ ‘మ్మ’ కింద ఉండే ఒత్తు గీసింది. దాని మీద ‘మ’ పెట్టింది. తర్వాత దానికి ఎడమ పక్క అక్షరం, మళ్ళీ దాని ఎడమ పక్కది. అలా వెనక్కి వెళ్ళి, చివరికి మొదటి అక్షరం గీసి, అప్పుడు వరసగా తలకట్లు పెట్టింది. వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు కలిపినట్టు. ఎక్కడా తప్పు లేదు. ముచ్చటైన సంతకం. నేను పక్కన కూర్చుని, పుస్తకంలో పైన ఉన్న తీర్మానం చూపించి, “పెద్దమ్మా, ఇందులో ‘మ’ ఎక్కడుందో చూపించు” అన్నాను. ఆమె నా ముఖం వంక చూసి, “అది నా పేరులో ఉండేది కదమ్మా, ఇక్కడ ఎందుకుంటుంది?” అంది.

నిమిషానికి ముప్పై మాటలు చదివిన మనిషి. నా చేత పలక మీద చేయి పట్టించుకుని దిద్దిన మనిషి. ఇరవై ఏళ్ళలో అంతా పోయింది. ఆమె తప్పేముంది? చదువు వచ్చాక చదవడానికి ఆమె చేతికి ఏం ఇచ్చాం? మూడో వాచకం అయిపోయాక ఆ ఊళ్ళో ఆమె చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో ఒక్క కాగితం లేదు. లాంతరు నేను పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన రోజే ఆరిపోయింది. సైకిలు నేర్చుకున్నవాడికి మర్నాటి నుంచి సైకిలు కనబడకుండా చేశాం.

ఇక్కడ ఒక మాట చెబుతాను. సంఘాల అక్కలు జాగ్రత్తగా వినండి, ఇది మీ డబ్బుకు సంబంధించింది. వేలిముద్ర వేసే మనిషికి ఒక రక్షణ ఉంది. దస్తావేజు రాసేవాళ్ళు చివర ఏం రాస్తారు? ‘చదివి వినిపించగా విని, సమ్మతించి వేసిన వేలిముద్ర’ అని రాస్తారు. పక్కన సాక్షి ఉంటాడు. అంటే ఎవరో ఒకరు ఆమెకు చదివి వినిపించాలి. అదే సంతకం చేస్తే? ఎవరూ వినిపించరు. సంతకం చేసింది కాబట్టి చదివే చేసింది అనుకుంటారు. ఆమెకు చదువు రాదని అక్కడే చెప్పినా, “మరి సంతకం నీదే కదా” అంటారు. మా పెద్దమ్మ ఆ రోజు సంతకం చేసిన తీర్మానం ముప్పై వేల అప్పుది. అది తన పేరు మీద ఉందని ఆమెకు ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆ పని చేసినవాళ్ళ పేర్లు ఇక్కడ ఎత్తను. ఆ డబ్బు తర్వాత తిరిగి వచ్చింది. కానీ నేను నేర్పిన సగం చదువు ఆమెకున్న రక్షణ తీసేసింది. ఈ మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అందుకే సంతకాన్ని అక్షరాస్యత అనకండి. జనగణన నిర్వచనం కూడా అనదు. ఏడేళ్ళు దాటిన మనిషి ఏదో ఒక భాషలో చదివి, రాసి, అర్థం చేసుకోగలిగితేనే అక్షరాస్యులు. 2011 లెక్కల్లో మన ఉమ్మడి రాష్ట్రంలో నూటికి 67 మందే అక్షరాస్యులు. ఆడవాళ్ళలో 59. ఆ 59లో సంతకాలు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. ఈసారి లెక్క రాసేవాళ్ళు ఇంటికి వచ్చి “చదువుకున్నారా?” అని అడిగితే, కొడుకో మనవడో గుమ్మంలో నిలబడి “సంతకం చేస్తుంది, రాసుకోండి” అంటే ఊరుకోవద్దు. నాకు చదవడం రాదు అని చెప్పండి. సిగ్గుపడాల్సింది మీరు కాదు. ఆ లెక్క చూసే పైనవాళ్ళు డబ్బు కేటాయిస్తారు.

ఇప్పుడు నా కాగితాల్లో రెండు పేజీలు చదువుతాను, ఎందుకంటే లెక్కలు తప్పకూడదు.

2009 సెప్టెంబరు 8న సాక్షర భారత్ అనే వయోజన విద్యా పథకం మొదలైంది. నేను ఇదే జిల్లాలో ఒక పంచాయతీలో గ్రామ సమన్వయకర్తగా చేరాను. నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనం. అది కూడా నెలనెలా వచ్చేది కాదు. ఎన్ని కార్యాలయాల మెట్లు ఎక్కామో, ఎన్నిసార్లు “నిధులు రాలేదు” అని తిప్పి పంపారో ఇక్కడ నాతో పాటు పనిచేసిన చెల్లెళ్ళకు తెలుసు. 2018 మార్చి 31తో ఆ పథకం ముగిసింది. మా చదువు కేంద్రానికి తాళం వేసి, బీరువా, పుస్తకాలు అప్పగించి రమ్మన్నారు. అప్పటికి మా దగ్గర రెండో వాచకం మధ్యలో ఉన్నవాళ్ళు పదహారు మంది. “ఏప్రిల్ నుంచి రావద్దా అమ్మా?” అని అడిగారు. ఏం చెప్పను? ఆ పదహారు మందిలో ఎంతమందికి ఇప్పుడు సంతకం ఒక్కటే మిగిలిందో వెళ్ళి చూసే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు నడుస్తున్న వయోజన విద్యా పథకం ఉల్లాస్. 2022 నుంచి 2027 వరకు, 1,037.90 కోట్ల రూపాయలు. లక్ష్యం 5 కోట్ల మంది. కళాశాల పిల్లలూ, ఇక్కడ లెక్క కట్టండి. తలకు ఎంత? 208 రూపాయలకు లోపే. ఏడాదికి కాదు, ఒక మనిషి మొత్తం చదువుకు. బోధించేవాళ్ళందరూ స్వచ్ఛంద సేవకులే, గౌరవ వేతనం లేదు. పథకం పెట్టినందుకు సంతోషమే, వచ్చిన అవకాశాన్ని వదలకూడదు. కానీ స్వచ్ఛందంగా చేసిన మనిషిని నేను. 1991లో ఆనందంగా చేశాను. ఇంటర్ చదివిన ఆడపిల్లకు ఏడాది స్వచ్ఛందంగా పనిచేసే వీలుంటుంది. ఐదేళ్ళు ఉండదు. పెళ్ళవుతుంది, ఉద్యోగం వస్తుంది, ఊరు మారుతుంది. మొదటి ఏడాదికి వాలంటీరు చాలు. రెండో ఏడాదికి, ఐదో ఏడాదికి ఆ ఊళ్ళోనే ఉండి, జీతం తీసుకుని, సాయంత్రం దీపం వెలిగించే మనిషి కావాలి. ప్రణాళికలో నేను అడిగేది ఇదే. పరీక్ష అయిన రోజున కాదు, అయిన ఐదేళ్ళకు వెళ్ళి మళ్ళీ చదివించి చూడండి. అప్పుడు ఎంతమంది చదవగలిగితే అంతమందే లెక్క.

ఇంకొకటి. చదువు హక్కు అని మనమందరం అంటాం. 2002లో రాజ్యాంగ సవరణ, 2010 నుంచి చట్టం అమలు. ఆ హక్కు ఎవరికి? ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు. పదిహేనో ఏట అడుగు పెట్టిన రోజున ఆ హక్కు పోతుంది. ఏడేళ్ళ వయసులో తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయిన పిల్ల ఇప్పుడు యాభై ఏళ్ళ మనిషి. ఆమెకు చదువు హక్కు కాదు, పథకం. పథకం అంటే మార్చి 31న ఆగిపోయేది.

కళ్ళద్దాల గురించి కూడా చెప్పాలి. పది పేజీల్లో ఇది రాయలేదు, ఇప్పుడు ఈ పెద్దమ్మలను చూస్తుంటే గుర్తొచ్చింది. మా కేంద్రానికి ఒకామె వచ్చేది. పొగాకు ఆకు నాణ్యత చూసి వేరు చేసే పనికి వెళ్ళి ఏడింటికి తిరిగి వచ్చేది. వాచకాన్ని చేయంత దూరంలో పట్టుకునేది. నెల తిరిగినా అక్షరం రాలేదు. “నాకు బుర్ర లేదులే అమ్మా” అని మానేస్తానంది. “ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఎవరు ఏరుతారు?” అని అడిగాను. “రెండేళ్ళుగా కోడలు” అంది. నాకు అర్థమైంది. మా అత్తగారి కళ్ళద్దాలు తెచ్చి పెట్టాను. ఆమె చాలాసేపు పుస్తకం వంక చూసి, “ఈ ‘ధ’ కింద గీత ఉందా! నాకు ఇన్నాళ్ళూ కనబడలేదు” అంది. నలభై దాటిన మనిషికి దగ్గర చూపు తగ్గుతుంది, అంతే. ఎంతమందిని బుర్ర లేదని ఇంటికి పంపేశామో! వయోజన విద్య బడ్జెట్లో వాచకం పక్కన కళ్ళద్దాలకు కూడా ఒక పద్దు ఉండాలి. అధికారి గారూ, ఇది రాసుకోండి, మరిచిపోవద్దు.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. మిగతా పేజీలు చదవను. ఒక్క విన్నపం చేసి దిగుతాను.

ఇది గ్రంథాలయం. మన ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. చదవడం రాని పెద్దమ్మ కూడా కడుతోంది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయోద్యమాన్నీ, వయోజన విద్యనూ రెండు వేర్వేరు పనులుగా చూడలేదు. పాటూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊళ్ళకు తీసుకెళ్ళారు. చదివేవాళ్ళు రావడం లేదని కూర్చోలేదు, వాళ్ళున్న చోటికి వెళ్ళారు. ఈ గ్రంథాలయానికి సాయంత్రం ఏడింటికి తాళం పడుతోంది. పొలం నుంచి, పొగాకు పని నుంచి ఆడవాళ్ళు ఇంటికి చేరేది ఏడింటికే. లోపల రెండు ట్యూబులైట్లు, మూడు బల్లలు, ఫ్యాన్లు ఉన్నాయి. మా అరుగు మీద ఒక్క లాంతరుతో నెట్టుకొచ్చాం.

వారానికి రెండు రాత్రులు, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఈ గది ఇవ్వండి. పెద్ద అక్షరాల పుస్తకాలు, వారం వారం చేత్తో రాసిన ఒక గోడపత్రిక నేను పెడతాను. ఇంతకు ముందు ఏ కేంద్రంలోనైనా చదివి మరిచిపోయినవాళ్ళు ముందు రండి. మొదటి వాచకం నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, పోయిన చోటి నుంచి మొదలుపెడదాం. కళాశాల పిల్లలూ, మీ ఇళ్ళలో వాడని దగ్గర చూపు కళ్ళద్దాలు ఉంటే తీసుకురండి. సంఘాల అక్కలు మీ తీర్మానాల పుస్తకం తెచ్చుకోండి, మన మొదటి పాఠం అదే.

అధికారి గారూ, ఆ తాళం చెవి ఒకటి నాకు ఇప్పించండి. వచ్చే సోమవారం ఎనిమిదింటికి నేను ఇక్కడ ఉంటాను.