తెలుగు సినిమాకి తెలుగు అక్షరాలేవి?

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లు ఒక్కొక్కటీ చెప్తే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరిపోతాయి, అందరికీ కలిపి ఒకటే దండం. గ్రంథాలయ వారోత్సవాల్లో ఓటీటీలు వచ్చాక మన వినోదం ఎలా మారిందో మాట్లాడమన్నారు. మాట్లాడతాను, కానీ నా మనసులో ఉన్నది ఇంకోటుంది, ఎటు తిరిగినా అక్కడికే వస్తాను.

మా చిన్నప్పుడు రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రమని, సినిమాని కుదించి మాటలూ పాటలూ వినిపించే కార్యక్రమం వచ్చేది, వీధి వీధంతా అరుగుల మీద కూర్చుని వినేవాళ్ళం. తర్వాత దూరదర్శన్, 1995లో ఈటీవీ, 2016లో జియో వచ్చి నెట్ చవకైపోయింది, 2020 ఉగాదికి ‘ఆహా’ అనే తెలుగు ఓటీటీ మొదలైంది, దేశమంతా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. ఇప్పుడు హాల్లో వేసిన సినిమా చాలావరకు నెల తిరిగేసరికి ఇంటికొచ్చేస్తోంది. మలయాళం సినిమాలు, కొరియా సీరియల్సు కూడా తెలుగులో మాట్లాడుతున్నాయి. మంచిదే, నేనూ చూస్తాను.

మావారు మాత్రం చూడలేరు.

ముప్పై ఏళ్ళు జూట్ మిల్లులో మగ్గాల దగ్గర పనిచేశారు, ఆ చప్పుడుకి రిటైరయ్యేసరికి చెవులు పోయాయి. చెవి మిషన్ పెట్టుకుంటే పక్కనున్నవాళ్ళ మాట కొంచెం తెలుస్తుంది, టీవీ మాత్రం గుయ్యిమంటుంది అంతే. పాత సినిమాల్లో ఎదురుగా నిలబడి స్పష్టంగా డైలాగు చెప్పేవాళ్ళు కాబట్టి పెదాలు చూసి పట్టేసేవారు. ఇప్పటి సిరీసుల్లో చీకట్లో, అటు తిరిగి, గొణుగుతూ మాట్లాడతారు, దానిమీద మళ్ళీ మ్యూజిక్కు. అందరం నవ్వుతాం, ఆయన మా మొహాలు చూసి ఒక క్షణం ఆగి నవ్వుతారు. ఆ తర్వాత మెల్లగా నన్ను గోకి "ఏమన్నాడే?" అంటారు. నేను చెప్పేలోపు ఇంకో రెండు డైలాగులు అయిపోతాయి. ఈ మధ్య అడగడం కూడా మానేశారు, పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోతున్నారు, నాకు అదే కష్టంగా ఉంది.

సబ్‌టైటిల్స్ పెట్టొచ్చు కదా అంటారు మీరు. పెట్టాను. ఇంగ్లీషు! సినిమా తెలుగు, తీసినవాళ్ళు తెలుగు, చూసేవాళ్ళు తెలుగు, కింద అక్షరాలు ఇంగ్లీషు. ఆయన ఎనిమిదో తరగతి వరకే చదివారు, కానీ తెలుగు పేపర్లో టెండరు ప్రకటనలు కూడా వదలరు. నేను ఒక కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఇంగ్లీషు ఉంది కదమ్మా" అన్నాడు ఆ అబ్బాయి. ఉంది బాబూ, ఎవరికోసం?

డల్లాస్ నుంచి మనవరాలు వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చున్నారు. దానికి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. ఈయనకి చదవడం వచ్చు, వినపడదు. కింద తెలుగు అక్షరాలుంటే ఈయనకి కథ తెలిసేది, దానికి అక్షరాలు వచ్చేవి! ఇది నా ఊహ కాదు, అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి గారని ఒకాయన, 1996 నుంచీ ఇదే పట్టుకుని తిరిగారు, టీవీలో ఏ భాష పాటకి ఆ భాష అక్షరాలే కింద వేస్తే చదువు అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళు కూడా చదవడం మెరుగుపరుచుకుంటారని. దూరదర్శన్‌లో హిందీ సినిమా పాటల కార్యక్రమం చిత్రహార్‌లో అలా వేశారు కూడా.

చట్టమూ ఉందండీ. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. పఠాన్ సినిమా ఓటీటీకి వచ్చేటప్పుడు సబ్‌టైటిల్స్, మాటలతో పాటు చప్పుళ్ళు కూడా అక్షరాల్లో చూపించే క్యాప్షన్లు, చూపు లేనివాళ్ళకి ఆడియో వర్ణన పెట్టమని 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2024 మార్చిలో సినిమా హాళ్ళకి కేంద్రం మార్గదర్శకాలిచ్చింది, 2025 అక్టోబరులో ఓటీటీలకి ముసాయిదా కూడా బయటపెట్టింది. మనం అడగాల్సిందల్లా తెలుగు సినిమాకి ఆ క్యాప్షన్లు తెలుగులోనే ఉండాలని. డైలాగులన్నీ రాసుకునే కదా షూటింగ్ చేసేది, ఆ కాగితం వాళ్ళ దగ్గర ఉన్నదే కదా!

అదిగో, రెండో వరసలో కూర్చున్నారు ఆయన. నా మాట అక్కడికి వినిపించదు, అందుకే ప్రసంగమంతా రాత్రే రాసి చేతికిచ్చాను. నేను కాగితంలో లేనివి కూడా మాట్లాడేస్తున్నట్టున్నాను, పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పుతున్నారు. ఏవండీ, నాలుగో పేజీ, కింద నుంచి మూడో లైను.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి ఒకరుంటారు, నాన్నో, అత్తగారో, అడగడం మానేసి ఉంటారు. ఇవాళ ఇంటికెళ్ళి ఒక తెలుగు సినిమా పెట్టి సబ్‌టైటిల్స్‌లో ఏ భాషలున్నాయో చూడండి, తెలుగు లేకపోతే ఆ యాప్‌లోనే ఫిర్యాదు రాయండి. కేంద్ర సమాచార ప్రసార శాఖకి నేను రాసిన ఉత్తరం పేపర్ల బల్ల మీద పెట్టాను, సంతకాలకి కింద చోటు వదిలాను. పెన్ను దారంతో కట్టి ఉంది.