పంటు కోసం ఆగడం తెలిసినవాళ్ళం

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ గ్రంథాలయంలో ఇంతకుముందు నేను కాలువల గురించి, ధవళేశ్వరం ఆనకట్ట గురించి మాట్లాడాను. ఈసారి అలాస్కా ఓడ ప్రయాణం గురించి చెప్పమన్నారు. ఎందుకో నాకు తెలుసు. మన నరసాపురంలో ఏ వీధి చూసినా అమెరికాలో పిల్లలున్న ఇల్లు ఒకటి కనిపిస్తుంది. "నాన్నా, ఈ వేసవిలో మీ ఇద్దరినీ క్రూయిజ్‌కు తీసుకువెళతాం" అని ఫోను వస్తుంది. వాళ్ళు చూసుకునేది ధర, సెలవులు. మన మోకాళ్ళు, మన వీసాలు, మనకు చలి పడకపోవడం ఆ లెక్కలోకి రావు. ఆ ఫోను వచ్చినప్పుడు వెంటనే సరే అనకుండా ఏమేమి అడగాలో చెప్పడానికే వచ్చాను. నేను అడగలేదు. అందుకే ఇంత వివరంగా తెలుసు.

మొదట అడగవలసింది, ఓడ ఎక్కడి నుంచి బయలుదేరుతుంది అని. అలాస్కా ఆగ్నేయ తీరం పటం చూస్తే మన కోనసీమే గుర్తుకొస్తుంది. ఎటు చూసినా దీవులు, మధ్యన పాయలు. మన లంకలను గోదావరి ఒండ్రు పేర్చి కట్టింది, అక్కడి దీవులను హిమానీనదాలు కొండలు కోసి విడగొట్టాయి. అంతే తేడా. ఆ దీవుల చాటున సాగే దారిని ఇన్‌సైడ్ ప్యాసేజ్ అంటారు. పసిఫిక్ అలలు అక్కడికి అంతగా రావు. కెనడాలోని వాంకూవర్ నుంచి బయలుదేరే ఓడలు దాదాపు మొదటి నుంచీ ఆ చాటునే వెళతాయి. అమెరికాలోని సియాటిల్ నుంచి వెళ్ళేవి చాలావరకు వాంకూవర్ దీవికి పడమరగా, చాటు లేని సముద్రం మీద వెళతాయి. వశిష్ఠ గోదావరిలో నడిచే పడవకూ, అంతర్వేది దగ్గర మొగ దాటి సముద్రంలోకి వెళ్ళిన పడవకూ ఉన్న తేడా మీకు నేను చెప్పాలా? విమానానికి సులువని మా పిల్లలు సియాటిల్ తీసుకున్నారు. ఆ మొదటి రాత్రి మా ఆవిడ కళ్ళు తెరవలేదు, తెరిచాక నాతో మాట్లాడలేదు.

రెండోది వీసా. సియాటిల్లో ఎక్కి సియాటిల్లోనే దిగుతాం కదా, అమెరికా వీసా ఉంటే చాలనుకుంటారు. చాలదు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటి ఉంది. దాని ప్రకారం విదేశీ జెండా కట్టిన ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్న ప్రయాణికులను మధ్యలో పరాయి దేశపు రేవు ఏదీ తాకకుండా తిరిగి దింపకూడదు. ఈ పెద్ద ఓడల్లో దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే ఆఖరి రోజున పొద్దుపోయాక కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. ఆ కాసేపటి కోసం భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు కెనడా వీసా కావాలి. నేను దిగను, గదిలోనే కూర్చుంటానంటే ఒప్పుకోరు, అసలు సియాటిల్లోనే ఓడ ఎక్కనివ్వరు. పిల్లలకు అమెరికా పౌరసత్వం వచ్చి ఉంటే ఈ విషయం వాళ్ళకు తట్టనే తట్టదు. టికెట్టు కంటే ముందు దీని సంగతి చూసుకోండి.

ఇక రేవులు. ప్రకటనలో "ఐదు రేవులు" అని ఉంటే నాలుగింటికన్నా అది మేలనిపిస్తుంది. నా మాట వినండి, రేవులు లెక్కపెట్టకండి, ఒక్కొక్క రేవులో ఓడ ఎన్ని గంటలు నిలుస్తుందో చూడండి. ఉదయం 7కి చేరి మధ్యాహ్నం 1కి వెళ్ళిపోయే ఓడలో దిగడానికి అరగంట, గడువుకు ముందే తిరిగి చేరాలన్న కంగారుకు ఒక గంట పోతాయి. మిగిలినదాంట్లో ఊరు చూడాలి. జూన్‌లో అక్కడ దాదాపు 18 గంటలు పగలే కాబట్టి రాత్రి 9 దాకా నిలిచే ఓడ దొరికితే అంతకంటే అదృష్టం లేదు. ఇంకో మాట, చేతి గడియారాన్ని ఓడ గడియారంతో కలిపి పెట్టుకోండి. అలాస్కా సమయం సియాటిల్ కంటే ఒక గంట వెనక. ఫోను ఒక సమయం, ఓడ ఇంకొక సమయం చూపించే రోజులుంటాయి. ఒక రేవులో దంపతులిద్దరు సంచులు పట్టుకుని పరుగెత్తుకు రావడం పైనుంచి చూశాను. ఏరు దాటించే సఖినేటిపల్లి పంటు అందుకోవడానికి పరుగెత్తే పెళ్ళివారు గుర్తొచ్చారు. మన సరంగైతే నాలుగు తిట్టి ఆపుతాడు. ఆ ఓడ ఆగదు.

వాతావరణం గురించి కాస్త ఎక్కువ చెబుతాను, మనవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. అలాస్కా అనగానే మంచు అనుకుని లావుపాటి కోటు ఒకటి కొంటారు. వేసవిలో అక్కడి రేవుల్లో మంచు కురవదు, వాన పడుతుంది. కెచికాన్ అనే ఊళ్ళో ఏడాదికి సుమారు 150 అంగుళాల వాన. మన డెల్టాలో పడేది అందులో మూడో వంతు. అదీ మన తుఫాను వానలా విరుచుకుపడి పోయేది కాదు. ముసురు. పొద్దున ముసురు, పది గంటలకు ఎండ, పన్నెండింటికి ఈదురుగాలి, మళ్ళీ ముసురు. ఆ గాలికి గొడుగు తిరగబడుతుంది. లోపల పలుచని ఉన్ని, దానిపైన స్వెటర్, అన్నిటి పైన నీరు పట్టని వాన కోటు. ఇలా మూడు పొరలుంటే విప్పుతూ తొడుగుతూ నెట్టుకురావచ్చు. నూలు బట్ట తడిస్తే ఆ చలిలో ఆరదు. మా ఆవిడ చీర మీదే వాన కోటు వేసుకుంది, కానీ కుచ్చెళ్ళు తడిసి రెండో రేవు నుంచి సల్వార్ కమీజుకు మారింది. నెల ఎంచుకునే వీలుంటే మే, జూన్ కొంత తెరిపి. సెప్టెంబరు నాటికి వానలు బలపడతాయి.

కెచికాన్ వాన అని దిగడం మానకండి. జులై, ఆగస్టుల్లో ఆ ఊరి మధ్య వాగులో సాల్మన్ చేపలు ఏటికి ఎదురీదుతుంటే వంతెన మీద నిలబడి చూడవచ్చు. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మంచినీటికి ఎదురెక్కే చేప. పుస్తెలమ్మి పులస తినమన్న ఊళ్ళవాళ్ళం, మనకు ఇంకెవరైనా వివరించాలా? ఒక్కటే తేడా. ఆ తీరపు సాల్మన్ గుడ్లు పెట్టాక మళ్ళీ సముద్రానికి పోదు, అక్కడే చనిపోతుంది.

జూనో అలాస్కా రాష్ట్ర రాజధాని. అయినా బయటి ప్రపంచం నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు. పడవలోనో విమానంలోనో చేరాలి. పక్కవాళ్ళు ఆశ్చర్యపోతుంటే నేను మాత్రం లంక ఊరే కదా అనుకున్నాను. అక్కడ ఒక జాగ్రత్త. పోటుకూ ఆటుకూ మధ్య తేడా పెద్ద రోజుల్లో 20 అడుగులు దాటుతుంది. ఉదయం చదునుగా ఉన్న దిగుడు పలక సాయంత్రానికి ఏటవాలుగా నిలుస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎప్పుడు తేలికగా ఉంటుందో ఓడ సిబ్బందిని అడిగి దిగండి.

స్కాగ్వే అనే రేవులో బంగారం వేట రోజుల్లో కట్టిన నేరో గేజి రైలు ఉంది. 1898లో మొదలుపెట్టి 1900కల్లా కొండల్లో పూర్తిచేశారు. కోటిపల్లి–నరసాపురం లైను గురించి ఇక్కడ నేనేమీ అనను.

గ్లేసియర్ బే అనే అఖాతంలో ఓడ ఆగదు, దిగడం ఉండదు. రోజుకు రెండు పెద్ద ఓడలనే లోపలికి రానిస్తారు. 1794లో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ నావికులు వచ్చినప్పుడు ఆ అఖాతం దాదాపు అంతా మంచే. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి మంచు 30 మైళ్ళకు పైగా వెనక్కు పోయింది. మీ ప్రయాణంలో ఇది ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఒక రేవు తగ్గినా సరే, ఇది ఉన్న ఓడకు మారండి.

చివరగా, ఒక రేవు తప్పిపోతుందని ముందే అనుకుని వెళ్ళండి. మాకు తప్పిపోయింది. అక్కడ ఓడ దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చాలి. గాలి లేచింది, కెప్టెన్ వద్దన్నాడు. ఓడవాళ్ళ దగ్గర కొన్న విహారం డబ్బు తిరిగి వచ్చింది. మా అబ్బాయి బయట విడిగా మాట్లాడుకున్నదాని డబ్బు రాలేదు. ఆ ఊరి పేరు రాసిన టోపీ నా మనవడు ముందే తెప్పించి ఉంచాడు. ఇప్పటికీ అదే పెట్టుకు తిరుగుతున్నాను. ఆ ఊరు ఎలా ఉందని అడిగినవాళ్ళకు దూరం నుంచి బాగుందంటాను. ఆ రోజు పక్క గదుల వాళ్ళు కెప్టెన్ మీద మండిపడ్డారు. మేము డెక్కు మీద కూర్చుని టీ తాగాం. వరద రోజుల్లో పంటు ఆపేస్తే రేవులో సంచి పక్కన పెట్టి కూర్చోవడం చిన్నప్పటి నుంచీ అలవాటే కదా.

ప్రశ్నలుంటే అడగండి. ఏటి ఆవలికి వెళ్ళవలసినవాళ్ళు ముందు అడగండి, పంటు వేళ అవుతోంది.