ఉల్లిపాయ 5 నిమిషాల్లో వేగదు

ఏ వంట వీడియో చూసినా ఈ మాట తప్పకుండా ఉంటుంది: "నూనె కాగాక ఉల్లిపాయ ముక్కలు వేసి 5 నిమిషాలు ఎర్రగా వేయించుకోండి." వేగవండీ! 5 నిమిషాల్లో పచ్చిదనం పోయి కాస్త మెత్తబడతాయి, అంతే. రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు నుంచి ఇల్లు చేరిన మనిషి ఆ మాట నమ్మి స్టవ్ వెలిగిస్తారు. 20 నిమిషాలైనా ముక్కలు తెల్లగానే ఉంటే "వంట నావల్ల కాదు" అనుకుంటారు. మర్నాటి నుంచి ఫోన్లో ఆర్డరే. అక్కడ తప్పు ఆ మనిషిది కాదు, ఆ 5 నిమిషాల లెక్కది.

మరి హోటల్లో ఆర్డర్ ఇచ్చిన పావుగంటకే కూర ఎలా వస్తోంది? అక్కడా ఉల్లిపాయకి పట్టాల్సినంత సేపు పడుతుంది. కాకపోతే ఆ పని మీరు వెళ్లకముందే అయిపోయింది. ఇంట్లో కూడా చేయాల్సింది ఇదే: నెమ్మదిగా జరిగే పనిని రాత్రి వంట నుంచి విడదీయడం.

[తెర మీద: ఒక వెడల్పు బాండీ, ఒక లోతు గిన్నె, రెండింట్లోనూ ఒకే కొలత ఉల్లిపాయ ముక్కలు]

అసలు అంత సేపు ఎందుకు? ఉల్లిపాయ బరువులో 90 శాతం దాకా నీరే. ముక్కలో నీరున్నంత సేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే నిలిచిపోతుంది. ఎరుపు రంగు, ఆ కమ్మటి వాసన జోరుగా వచ్చేది సుమారు 140 డిగ్రీలు దాటాక. అంటే ముందు నీరు పోవాలి. మామూలు నీళ్లని మరిగే దాకా తేవడానికి ఎంత వేడి కావాలో, ఆ నీళ్లన్నీ ఆవిరై పోవడానికి దానికి సుమారు ఏడు రెట్లు కావాలి. కాలమంతా అక్కడే ఖర్చవుతుంది.

మంట పెంచితే? గిన్నెకి తగిలిన ముక్క అంచు మాడుతుంది, పైన ఉన్నది పచ్చిగా ఉంటుంది. ఈ లోతు గిన్నె చూడండి: కింది నుంచి లేచిన ఆవిరి పై ముక్కలకే తగిలి మళ్లీ నీరవుతోంది. వేయిస్తున్నామనుకుంటాం గానీ ఉడికిస్తున్నాం.

సరే, పద్ధతి. సెలవు రోజున ఒక కిలో ఉల్లిపాయలు. 30 సెంటీమీటర్ల వెడల్పు, మందం అడుగు ఉన్న బాండీ. నూనె 5 పెద్ద చెంచాలు, ఉప్పు ఒక చిన్న చెంచా. ఉప్పు మొదట్లోనే వేయాలి, ముక్కలోంచి నీటిని బయటికి లాగేది అదే. తర్వాత కూరలో అంత మేర తగ్గించుకోండి. కోసే తీరు కూడా ముఖ్యం: వేరు నుంచి కొసకి నిలువుగా కోస్తే ముక్క విడిగా నిలుస్తుంది, అడ్డంగా కోస్తే కరిగి గుజ్జవుతుంది. మనకి గుజ్జే కావాలి, అడ్డంగా, సన్నగా, ఒకే మందంలో కోయండి. మందం తేడా ఉంటే సన్నవి మాడేసరికి లావువి ఇంకా మగ్గుతూ ఉంటాయి.

మధ్యస్థం మంట మీద మూత పెట్టి 10 నిమిషాలు మగ్గనివ్వండి, మధ్యలో రెండు సార్లు కలిపితే చాలు. కుప్ప సగానికి దిగుతుంది. ఇప్పుడు మూత తీసి మంట పెంచండి. ఇక్కడి నుంచి చెవి పెట్టి వినాలి. నీరున్నంత సేపు బుడబుడమంటుంది, నీరు అయిపోగానే ఆ చప్పుడు చిటపటలోకి మారుతుంది. అది వినబడగానే మంట తగ్గించండి. అంత సేపూ కదలని రంగు ఇక్కడి నుంచి త్వరగా మారుతుంది. ఫోన్ చూస్తూ మాడ్చేది సరిగ్గా ఇక్కడే. రెండు నిమిషాలకోసారి కలుపుతూ ఇంకో 15, 20 నిమిషాలు. అడుగున గోధుమ రంగు పొర అంటుకుంటే రెండు చెంచాల నీళ్లు పోసి గీకండి, రుచంతా అందులోనే ఉంది. నల్లగా అంటుకుంటే మాత్రం గీకొద్దు, పై ముక్కల్ని వేరే గిన్నెలోకి తీసేయండి. ఒకసారి కలిసిన చేదుని ఏ మసాలా కప్పలేదు.

పంచదార వేస్తే త్వరగా వేగుతాయంటారు. ఆ రంగు పంచదారది, నీరు మాత్రం దాని వేగంతో అదే పోతుంది. నిజంగా పనిచేసేది వంటసోడా, కిలోకి పావు చిన్న చెంచా. రంగు త్వరగా వస్తుంది, ముక్క గుజ్జవుతుంది. అంతకు మించితే సబ్బు రుచి.

మొత్తం 45 నిమిషాలు. అందులో గరిట చేతిలో ఉండేది కొద్దిసేపే.

[తెర మీద: ఐస్ ట్రే]

కిలో ఉల్లిపాయలు చివరికి 300 గ్రాముల పైచిలుకు మిగులుతాయి. పళ్లెంలో పలుచగా పరచి చల్లార్చండి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ఐస్ ట్రేలో గడికి 30 గ్రాముల చొప్పున నింపి గడ్డకట్టించండి. ఒక్కో ముక్క అంటే దాదాపు ముప్పాతిక ఉల్లిపాయ. ఫ్రీజర్‌లో మూడు నెలలు రుచి బాగుంటుంది, కింద ఫ్రిజ్‌లో అయితే 3, 4 రోజులే. పైన నూనె పోసి సీసాలో బయట ఉంచే అలవాటు మాత్రం వద్దు, ముఖ్యంగా వెల్లుల్లి కలిపితే. నూనె గాలిని ఆపేస్తుంది, గాలి లేని చోటే పెరిగే బొట్యులినమ్ అనే బాక్టీరియా ఉంది, దాని విషం ప్రాణం తీయగలదు.

రాత్రి వంట ఇప్పుడు చూడండి: ట్రేలో గడ్డకట్టిన ఉల్లి ముక్కలు రెండు నేరుగా వేడి బాండీలోకి, 2 నిమిషాలు. మసాలా పొడులు అర నిమిషం. టమాటా. ఇదీ ఉల్లిపాయ కథే, ఇందులో నీరు 94 శాతం పైనే, అంచున నూనె తేలేదాకా ఆగాలి. తర్వాత రాజ్మా లాంటి ఉడికిన గింజలో, గుడ్లో, కూరగాయో.

గింజలకీ ఇదే లెక్క, త్వరగా చెప్పేస్తాను. 8 గంటలు నానబెట్టి ఒకేసారి ఎక్కువ ఉడికించి, ఉడికిన నీళ్లతో సహా ఫ్రీజర్‌లో పెట్టండి. టమాటా, నిమ్మరసం లాంటి పులుపు గింజ మెత్తబడ్డాకే, ముందే వేస్తే మెత్తబడటానికి చాలా ఎక్కువ సేపు పడుతుంది. రాజ్మా అయితే నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లాలి. సన్న సెగ మీద మెల్లగా ఉడికిస్తే దాని సహజ విషం పోదు, వాంతులవుతాయి.

అన్నం ఇంకో రకం. బియ్యంలో ఉండే కొన్ని బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి విషం తయారు చేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. అందుకని పలుచగా పరచి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఒక్కసారే పొగలు కక్కేలా వేడి చేసి తినేయండి.

డబ్బాల మీద తేదీ రాసి పెట్టుకోండి. ఫ్రీజర్ డబ్బాలకి మూత బిగుతుగా ఉండాలి, లేదంటే ఐసు ముక్కలకి కూడా ఉల్లి వాసన పడుతుంది.